తోటమాలి (చిన్నది) – 1

తుమ్మెదవలస మహల్ తోటమాలి పైల తవిటయ్యకు అరవై రెండో ఏట రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. రావడంలో వింతేమీ లేదు. ఎవరికైనా వస్తాయి, ఎవరైనా తీయించుకుంటారు, ఓ వారం నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకు ఆ కథ చెబుతారు. తవిటయ్య చేసిన పొరపాటల్లా ఒకటే. తీయించుకునే ముందు ఆఫీసులో చెప్పి వెళ్దామనుకున్నాడు.

గులాబీకి అంటు కట్టబోయి బొటనవేలు కోసుకున్నాక అతను శ్రీకాకుళంలో కంటాసుపత్రికి వెళ్లాడు. డాక్టరమ్మ లైటు వేసి చూసి, "బాగా ముదిరాయి తాతా. మూడు నెలల్లోపు తీసేయాలి. ఆలస్యం చేస్తే తీసినా చూపు వస్తుందని చెప్పలేను" అంది. ఆపరేషను ఉచితమే. పనిచేసే చోటు నుంచి ఒక ఉత్తరం మాత్రం తెమ్మంది. ఫలానా తవిటయ్య మా దగ్గర పనిచేస్తున్నాడని ఒక్క ముక్క రాసి ముద్ర వేస్తే చాలు.

ఆ ఒక్క ముక్క కోసం అతను మహల్ సూపరింటెండెంటు చంద్రమౌళి బల్ల ఎదుట నిలబడ్డాడు. చంద్రమౌళి మంచివాడే. కాకపోతే నిద్రలో లేపి పేరడిగినా సర్టిఫికెట్టు చూసి చెప్పే రకం. సిబ్బంది రిజిస్టరు తెరిచి వేలు పెట్టి కిందికి దిగాడు. స్వీపర్లు ఉన్నారు, వాచ్‌మెన్లు ఉన్నారు, పదకొండేళ్ల కిందట బదిలీ అయిపోయిన గుమాస్తా కూడా భద్రంగా ఉన్నాడు. తవిటయ్య లేడు.

"నీ పేరు ఇందులో లేదేమిటి తవిటయ్యా?"

"ఏటో బాబూ. ఊహ తెలిసిన కాడ్నుంచీ ఈ తోటలోనే ఉన్నాను. పుస్తకంలో ఉన్నానో నేదో ఎప్పుడూ సూసుకోనేదు."

చంద్రమౌళి ఆలోచించాడు. నెలనెలా తవిటయ్యకు ఇచ్చేది 'తోట పరికరాల నిర్వహణ' కింద ఇస్తున్నారు. అలాగే ఎందుకిస్తున్నారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పరికరాల సంగతి పరికరాల రిజిస్టరులో ఉంటుంది కాబట్టి దాన్ని అటక మీంచి దింపించాడు. యాభై ఏళ్ల కిందట సంస్థానం వారసులు మహల్‌ని, తోటని ప్రభుత్వానికి అప్పగించినప్పుడు దివాణం గుమాస్తా గుండ్రటి అక్షరాలతో రాసిన జాబితా అది. తోట సామగ్రి కింద ఇలా ఉంది:

పారలు – 4
గునపాలు – 6
నీళ్లు చల్లు డబ్బాలు – 9
తోటమాలి (పెద్దది) – 1
తోటమాలి (చిన్నది) – 1
పూలకుండీలు, పింగాణీవి – 40

పెద్దది అంటే తవిటయ్య తండ్రి. ఆయన పోయిన ఏడాది ఆ వరుస ఎదురుగా ఎర్ర సిరాతో 'వినియోగమునకు పనికిరానందున తొలగించడమైనది' అని రాసి ఉంది. చిన్నది అంటే అప్పటికి పన్నెండేళ్లున్న తవిటయ్య. దాని ఎదురుగా ఏటేటా టిక్కులు ఉన్నాయి. ప్రతి మార్చిలోనూ తనిఖీ బృందం వచ్చినప్పుడు పారలు, గునపాలు వరుసగా పేర్చి వాటి పక్కన తవిటయ్యను నిలబడమనేవారు. ఒకటి, రెండు అని లెక్కపెట్టి అతని దగ్గర కూడా ఒక టిక్కు పెట్టేవారు. పెద్ద పెద్ద ఆఫీసర్లు తన దగ్గర కూడా ఆగి రాసుకుంటున్నారని ఇన్నేళ్లూ అతను సంతోషించాడు.

"ఇంకేటి బాబూ, ఉన్నాను కదా. ఉన్నానని రాసీండి, ఆస్పత్రికి ఎల్తాను."

"ఉన్నావయ్యా. మనిషిగా లేవు" అన్నాడు చంద్రమౌళి. రాసివ్వడానికి అతనికి ధైర్యం చాలలేదు. కారణం బల్ల మీద ఉన్న మరో కాగితం.

ఆ కాగితం రాష్ట్ర రాజప్రాసాద, ఉద్యానవన పరిరక్షణ సంస్థ డైరెక్టరు హయగ్రీవరావు గారు పదిహేను రోజుల కిందట పంపిన సర్క్యులరు. ఆయన ఆ మధ్య అధ్యయన యాత్ర పేరిట విదేశాలకు వెళ్లి, అక్కడ ఎవరో రాజు అన్నం తిన్న ఫోర్కును అద్దాల పెట్టెలో పెట్టి పోలీసును కాపలా ఉంచడం చూసి కదిలిపోయారు. తిరిగి రాగానే సర్క్యులరు తీశారు. స్వాధీనపు జాబితాలో చేరి యాభై సంవత్సరములు పూర్తి చేసుకున్న సమస్త చరవస్తువులును ఇకపై 'అ' తరగతి వారసత్వ సంపదగా పరిగణించవలెను. వాటిని అధికారులు గాని, సిబ్బంది గాని, సందర్శకులు గాని వినియోగించరాదు. ఆవరణ దాటించరాదు. వాటి స్థితిలో ఎట్టి మార్పును చేయరాదు. ఉల్లంఘనకు సూపరింటెండెంటు వ్యక్తిగతముగా బాధ్యుడు.

జాబితాకు యాభై ఏళ్లు నిండి ఆ రోజుకు సరిగ్గా తొమ్మిది రోజులు.

చంద్రమౌళి రాజధానికి వినయంగా ఒక ఉత్తరం రాశాడు. పై జాబితాలోని ఫలానా వస్తువు మనిషి అయినందున, దానికి శుక్లములు వచ్చినందున, సర్క్యులరు నుంచి మినహాయింపు దయచేయవలసిందిగా కోరాడు. మామూలుగా ఆ ఆఫీసు నుంచి జవాబు రావడానికి రెండు వానాకాలాలు పడుతుంది. ఈసారి నాలుగో రోజునే వచ్చింది. డైరెక్టరు గారు మహదానందం వెలిబుచ్చారు. పెద్ద పెద్ద మ్యూజియముల వద్ద పారలు ఉన్నాయి, కత్తెరలు ఉన్నాయి, తోటమాలి మాత్రం ఎవరి వద్దనూ లేదని, ఇట్టి సజీవ ఉద్యాన పరికరము మన సంస్థకు దక్కడం రాష్ట్రానికే గర్వకారణమని రాశారు. తక్షణం ప్రదర్శనకు ఉంచవలెనని ఆదేశించారు. శుక్లముల గురించి ఒక్క ముక్క లేదు.

*

దర్బారు హాలు పక్కనున్న గదిలో, నీళ్లు చల్లు డబ్బాలకూ పింగాణీ కుండీలకూ మధ్య ఒక స్టూలు వేసి, చుట్టూ ఎర్ర తాడు కట్టి తవిటయ్యను కూర్చోబెట్టారు. ముందర ఇత్తడి పలక బిగించారు. 'తోటమాలి. తుమ్మెదవలస, ఇరవయ్యో శతాబ్దం. పదార్థం: చర్మం, ఎముక, నూలు. సంస్థానం వారి నుంచి సంక్రమించినది.' ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు ప్రదర్శన. ఆ తర్వాత తోటలో అడుగు పెట్టనివ్వకుండా, వెనక దారిన తోట వెనకున్న అతని పాకకు పంపేవారు. పాక ఆవరణ లోపలే ఉంది కనుక దాన్ని భద్రపరచు గదిగా రాసుకున్నారు.

తవిటయ్య పారిపోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. అతనికీ అనిపించింది. కానీ గేటు దగ్గర కొత్తగా ఇద్దరు కాపలాదారులను వేశారు. అదీ కాక, వస్తువు పోతే చంద్రమౌళి ఉద్యోగం ఊడుతుంది. ఆ పిల్లడికి ఇద్దరు చంటిబిడ్డలు. తన కంటి కోసం ఇంకొకరి కడుపు కొట్టడం తవిటయ్యకు చేతకాదు. ఇవాళో రేపో పెద్దవాళ్లకే తెలుస్తుందిలే అనుకుని కూర్చున్నాడు.

చిక్కు పారమ్మతో వచ్చింది. పారమ్మ తవిటయ్య భార్య. పెళ్లై వచ్చింది స్వాధీనం తర్వాత కాబట్టి జాబితాలో ఆమె లేదు. 'అనంతర కాలపు అనధికార చేర్పు' అని తేల్చి, పాకలోంచి బయటికి పంపి, మొగుణ్ని చూడాలంటే టిక్కెట్టు కొనుక్కుని రమ్మన్నారు. మొదటి రోజు ఆమె క్యారేజీ పట్టుకుని వరుసలో నిలబడి లోపలికి వచ్చింది.

"నలభై ఏల్లు కాపరం సేసినాను. మొగుడి మొకం సూడ్డానికి టిక్కెట్టేటి? అదీ పదీ అయిదూ మజ్జినే సూడాలంట" అంది ఎర్ర తాడు ఇవతల నిలబడి.

"గట్టిగా అనకే, ఆ బాబు ఇంటాడు" అన్నాడు తవిటయ్య.

"ఇననీ. ఇదిగో, అన్నం తిను."

గదిలోని కాపలాదారుడు అడ్డం వచ్చాడు. ప్రదర్శన వస్తువులకు తినుబండారాలు పెట్టరాదని గోడ మీద రాసి ఉంది. పారమ్మ ఆ గోడనీ అతన్నీ మార్చి మార్చి చూసి, క్యారేజీ విప్పుకుని కింద కూర్చుంది. "అలగైతే ఈడు తినీదాకా నానిక్కడ్నించి నెగను. నన్నూ రాసుకోండి మీ పుస్తకంలో" అంది. చంద్రమౌళి పరిగెత్తుకు వచ్చి నిబంధనలన్నీ తిరగేసి, అన్నాన్ని 'పరిరక్షణ ద్రవ్యం'గానూ పప్పుచారును 'తేమ నియంత్రణ ద్రవ్యం'గానూ రాసి ఒడ్డెక్కించాడు.

సందర్శకులు బాగానే వచ్చారు. ఒకాయన పలక చదివి, తవిటయ్య చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇది ఇప్పటికీ పనిచేస్తుందా?" అని అడిగాడు. "ఇదివరకు చేసేదండి. ఇప్పుడు వాడటం లేదు" అన్నాడు కాపలాదారుడు.

వాడకపోవడమే తవిటయ్యకు అన్నిటికన్నా కష్టంగా ఉంది. స్టూలు మీద కూర్చున్నంతసేపూ అతని చేతులు ఊరికే ఉండేవి కావు, లేని ఆకులు తుంచుతూ ఉండేవి. మహల్ ముందు పచ్చిక, దాని చుట్టూ నూట పన్నెండు గులాబీ పాదులు, పడమటి గోడ వెంట అంటుమామిళ్లు. వేసవి ముదురుతోంది, ఒక్క పూట నీళ్లు తప్పినా గులాబీలు తట్టుకోవు.

"తోటకి నీల్లెవులు ఎడతన్నారు బాబూ?" అని రోజూ అడిగేవాడు.

"చూస్తున్నారులే" అనేవాడు చంద్రమౌళి ఎటో చూస్తూ.

కిటికీలోంచి తవిటయ్యకు మసక మసకగా పచ్చదనం కనిపించేది. మధ్యమధ్య ఎర్రటి మచ్చలు. పోనీలే, ఎవరో బుద్ధిమంతుడే దొరికాడు, పువ్వులు కూడా పూయిస్తున్నాడు అనుకుని తృప్తి పడేవాడు. పచ్చదనమైతే కనబడుతోంది గానీ రోజురోజుకూ మసక చిక్కబడుతోంది. ఆరో వారానికి ఎదురుగా ఉన్న పారమ్మను గొంతు వింటే గానీ పోల్చుకోలేకపోయాడు. ఆ మధ్యాహ్నం అతనికి మొదటిసారి భయం వేసింది.

*

ఏడో వారంలో డైరెక్టరు హయగ్రీవరావు గారు స్వయంగా విచ్చేశారు. వెంట ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఒక కొలత టేపు. తవిటయ్యను ఎగాదిగా చూసి, జాబితా తెప్పించుకుని చదివారు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయారు.

"సూపరింటెండెంట్ గారూ, ఇక్కడ ఏమని వ్రాసి ఉన్నది?"

"తోటమాలి, చిన్నది, ఒకటి అండి."

"కొలవండి."

కొలిచారు. అయిదడుగుల నాలుగంగుళాలు.

"ఇది చిన్నదా?" అన్నారు డైరెక్టరు గారు. "ప్రజల ఆస్తియైన అసలు వస్తువును ఎవరో అపహరించి, దాని స్థానమునందు నకలును ప్రవేశపెట్టి ఉన్నారు. అందునా పరిమాణమైనను సరిచూసుకొనక."

"నానే బాబూ ఆ సిన్నది" అన్నాడు తవిటయ్య. "పెద్దోణ్ని అయిపోనాను. యాభై ఏల్లు కదా మరి."

"వారసత్వ వస్తువు పెరుగరాదు. స్థితిలో ఎట్టి మార్పును కూడదని మూడవ నిబంధన ఘోషించుచున్నది."

తవిటయ్యకు ఒక వెలుగు తోచింది. నకలుకు నిబంధనలు ఉండవు. "అలగైతే నాను దొంగ సరుకునే బాబూ. నన్ను ఒగ్గీండి, ఆస్పత్రికి ఎల్లి కల్లు సేయించుకుంతాను."

డైరెక్టరు గారు తల అడ్డంగా ఊపారు. నకలు అని రుజువైతే అసలు ఎక్కడున్నదో తేలాలి. అసలుతో చివరిసారిగా కలిసి ఉన్నది ఎవరు? ఈ నకలే. కనుక తోటమాలిని దొంగిలించిన నేరం మీద తోటమాలిని పోలీసులకు అప్పగించాల్సి ఉంటుంది. ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేశారు. సంఘం మూడు రోజులు కూర్చుంది. మొదటి రోజు పూలకుండీల వెనకా, అటక మీదా, బావిలోనూ పన్నెండేళ్ల తోటమాలి కోసం వెతికించారు. రెండో రోజు పారమ్మను పిలిచి, ఈ వస్తువు మీ వద్దకు వచ్చునాటికి ఎంత పరిమాణమున ఉండెనని అడిగారు. ఆమె చెప్పిన జవాబును నివేదికలో చేర్చలేదు.

మూడో రోజు చంద్రమౌళికి జాబితా చివర 'లోపములు' అన్న గడి కనిపించింది. పింగాణీ కుండీల్లో ఏడింటికి అంచు విరిగినట్టు, నీళ్ల డబ్బాల్లో రెండింటికి చిల్లి పడినట్టు దివాణం గుమాస్తా రాసి పెట్టాడు. తోటమాలి చిన్నది ఎదురుగా 'ఎడమ చెవి కొస తెగినది' అని ఉంది. పదేళ్ల వయసులో కొమ్మలు కత్తిరించే కత్తెరతో ఆడుకున్నప్పటి గాటు అది. భూతద్దం తెప్పించి చూశారు. చెవి తెగే ఉంది.

"అసలే" అన్నారు డైరెక్టరు గారు, కళ్లు తుడుచుకుని.

*

అసలని తేలడంతో తవిటయ్య కళ్ల వ్యవహారంలో అసలుకే మోసం వచ్చింది. నకలైతే ఏ డాక్టరైనా ముట్టుకోవచ్చు. అసలును నిపుణులే ముట్టుకోవాలి. మూడు వారాలకు రాజధాని నుంచి డాక్టర్ మృణాళిని గారు వచ్చారు. డాక్టరంటే పారమ్మ గబగబా వెళ్లి దండం పెట్టింది గానీ, ఆవిడ పాత తైలవర్ణ చిత్రాలను బాగుచేసే డాక్టరు. టార్చి వేసి తవిటయ్య కళ్లను చాలాసేపు చూసి ముగ్ధురాలైపోయింది.

"అద్భుతం. ఈ తెల్లటి పొర చూశారా? ఇది కాలం చేసిన సంతకం. తెలియని వాళ్లు మురికి అనుకుని గీకేస్తారు. గీకేస్తే వస్తువు కొత్తదానిలా అయిపోతుంది, దాని చరిత్ర మొత్తం పోతుంది."

"సరిత్ర ఉంచుకుని ఏటి సేసుకుంతాను తల్లీ, నా కల్లు అగుపడ్డం నేదు" అన్నాడు తవిటయ్య. "ఇంక పదిరోజులైతే తీసినా సూపు రాదంట. సూపు నేకపోతే నాను అంటు కట్టలేను, పాదు తియ్యలేను. నన్ను మీరు ఏ గదిలో ఎట్టుకున్నా ఒకటే."

ఇంతకు ముందు తాను బాగుచేసిన బొమ్మలేవీ ఆమెతో ఇలా మాట్లాడలేదు. మృణాళిని గారు టార్చి ఆర్పేసింది. నిజానికి ఆవిడ చెడ్డది కాదు, చదువు అలాంటిది. చివరికి ఆ చదువులోంచే దారి తీసింది.

"మా పద్ధతిలో ఒకటుంది. ఏ చిత్రాన్నీ ఒక్కసారిగా శుభ్రం చేయం. ముందు ఒక మూల చిన్న గడి మాత్రం తుడిచి చూస్తాం. మిగతాది అలాగే ఉంచుతాం. శుభ్రం చేయకముందు ఎలా ఉండేదో, తర్వాత ఎలా ఉందో చూసేవాళ్లు పక్కపక్కనే పోల్చుకోవచ్చు. ప్రయోగాత్మకంగా ఒక కన్ను శుభ్రం చేయడానికి సిఫారసు చేస్తాను."

"రెండోదమ్మా?" అన్నాడు చంద్రమౌళి.

"రెండోది పోలికకు. అది శాశ్వతంగా అలాగే ఉండాలి."

డైరెక్టరు గారు ఒక కన్ను మంజూరు చేశారు. విలువైన వస్తువు ప్రయాణం కనుక దళసరి చెక్కతో పెట్టె చేయించి, లోపల థర్మోకోలు పరిపించి, తవిటయ్యను అందులో కూర్చోబెట్టి వ్యానెక్కించారు. పెట్టె మీద గాజు గ్లాసు బొమ్మ, పైకి చూపించే బాణం గుర్తు వేశారు. కంటాసుపత్రిలో మూత తీసినప్పుడు నర్సు ఒకామె కెవ్వుమంది.

అరగంటలో కుడి కన్ను అయిపోయింది. మర్నాడు కట్టు విప్పి, డాక్టరమ్మ నాలుగు వేళ్లు చూపించింది. తవిటయ్య నాలుగని చెప్పాడు. ఆ తర్వాత కిటికీ అవతల గోడ మీద మొలిచిన రావి మొలకకు ఏడాకులున్నాయని కూడా చెప్పి ఏడ్చేశాడు. ఏడవకూడదని ఆవిడ కోప్పడింది. "పై మంగళవారం రెండో కంటికి రండి. ఇంక ఒక్కరోజు కూడా ఆపడానికి లేదు" అంది. పోలిక కోసం ఆ కన్ను ఉంచేయాలని వెంట వచ్చిన చంద్రమౌళి నసిగాడు. దేంతో పోలిక అని ఆవిడ అడిగింది.

*

మహల్ దగ్గర పెట్టె మూత తీయగానే తవిటయ్య గదికి వెళ్లకుండా తిన్నగా తోటలోకి నడిచాడు. కళ్లారా చూసుకుందామని.

పచ్చిక పచ్చగానే ఉంది. అంత పచ్చగా తన హయాంలో ఏనాడూ లేదు. వంగి చెయ్యి వేశాడు. చేతికి గరుకుగా, ఎండకు వేడిగా తగిలింది. అంచు పట్టుకుని లాగితే చాప లేచినట్టు లేచింది. కింద ఎండిన నేల, చచ్చిపోయిన గడ్డి. గులాబీ పాదుల దగ్గరికి వెళ్లాడు. నూట పన్నెండు ఎండు మోళ్లకు తీగతో ప్లాస్టిక్కు గులాబీలు కట్టి ఉన్నాయి. అంటుమామిళ్ల ఆకులు రాలిపోయి కొమ్మలు మిగిలాయి.

జరిగింది చిన్న సంగతే. తోట చూసే పరికరాన్ని వాడకూడదన్నారు. ఇంకో పరికరం జాబితాలో లేదు. మూడు వారాల్లో తోట ఎండిపోయింది. తోట కూడా జాబితాలోనే 'తోట – 1' అని ఉంది కాబట్టి, అది లేకుండా పోతే ఇబ్బందని సంస్థ 'పరిరక్షణకు అనుకూలమైన శాశ్వత పచ్చదనము' ఏర్పాటు చేయించింది. దానికి నీళ్లు అక్కర్లేదు, పెరగదు, మూడో నిబంధనకు ఏ భంగమూ ఉండదు. మార్చి తనిఖీలో తోట ఉన్నట్టే టిక్కు పడింది. చంద్రమౌళికి ఇదంతా తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు.

తవిటయ్య ఎండిన పాదు పక్కన చతికిలబడ్డాడు. అతనికి ఒళ్లు మండింది. యాభై ఏళ్లలో మొదటిసారి మండింది కాబట్టి దాన్ని ఏం చేయాలో అతనికి వెంటనే తెలియలేదు. లేచి గదిలోకి వెళ్లి, ప్రదర్శనకు పెట్టిన అద్దాల పెట్టె తెరిచి నాలుగు పారల్లో ఒకటి తీసుకుని బయటికి వచ్చాడు. ప్లాస్టిక్కు పచ్చికను ఒక కొస నుంచి చుట్టడం మొదలుపెట్టాడు. పారమ్మ బొక్కెన తెచ్చింది. ఆ పూట టిక్కెట్టు కొనలేదు.

కాపలాదారులు చంద్రమౌళిని పిలుచుకొచ్చారు. చంద్రమౌళి డైరెక్టరు గారికి ఫోను కలిపాడు. ఫోనులో డైరెక్టరు గారి మాట అందరికీ వినబడింది. "వస్తువు వినియోగింపబడుచున్నదా? ఎవరు వినియోగించుచున్నారు? వాని పేరు వ్రాయండి, తక్షణం కేసు పెట్టండి."

చంద్రమౌళి తవిటయ్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "తవిటయ్యా, నిన్ను వాడకూడదని ఉందయ్యా. నువ్వు తోట పని చేస్తే నేను నిన్ను వాడినట్టు అవుతుంది. నాకు ఉద్యోగం ఉండదు."

తవిటయ్య పార ఆపలేదు.

"మీరు నన్నెక్కడ వోడతన్నారు బాబూ? నన్నెవులూ వోడ్డం నేదు. నానే వోడుకుంతన్నాను. అలగని ఆరితో సెప్పండి."

చంద్రమౌళి ఫోను చేతిలో పట్టుకునే సర్క్యులరు తీసి మొదటి నుంచి చివరి వరకు చదివాడు. వస్తువును అధికారి వాడకూడదని ఉంది, సిబ్బంది వాడకూడదని ఉంది, సందర్శకులు వాడకూడదని ఉంది. వస్తువు తనను తాను వాడుకోకూడదని ఎక్కడా లేదు. ఆ సంగతి ఫోనులో చెప్పాడు. తర్వాత డైరెక్టరు గారు, ఇది విధానపరమైన ప్రశ్న అని, స్పష్టత కోరుతూ లిఖితపూర్వకంగా పంపవలసిందని చెప్పి పెట్టేశారు. చంద్రమౌళి ఆ సాయంత్రమే పంపాడు. దానికి మాత్రం జవాబు మామూలు వేగంతో వస్తుందని అతనికి తెలుసు.

మంగళవారం పొద్దున్నే తవిటయ్య ఉతికిన చొక్కా వేసుకుని ఆఫీసుకు వచ్చాడు. వెనక పారమ్మ సంచితో నిలబడి ఉంది.

"రెండో కంటికి ఎల్తన్నాను బాబూ. నన్ను గేటు దాటించొద్దని కదా మీకు రాసినారు. మీరు దాటించడం నేదు, నానే దాటుతన్నాను. మీ మీదికి మాట రాకుండా ఏదైనా కాయితం ఉంటే ఇలగియ్యండి."

చంద్రమౌళి ఆలోచించి వస్తువుల కదలిక రిజిస్టరు తీశాడు. అందులో గడులు అతనే నింపాడు. వస్తువు: తోటమాలి (చిన్నది). సంఖ్య: 1. పోవు చోటు: కంటాసుపత్రి. తిరిగి తెచ్చు తేదీ దగ్గర కలం ఆపి తలెత్తి చూశాడు.

"రేపు పొద్దుటికల్లా వొచ్చీయాల. కొత్త పాదులకి నీల్లెట్టాల కదా" అన్నాడు తవిటయ్య.

ఇక మిగిలింది ఒక్క గడి, వస్తువును తీసుకువెళ్లు వ్యక్తి పేరు, బాధ్యత వహిస్తూ సంతకం. చంద్రమౌళి రిజిస్టరును అటు తిప్పి కలం ఇచ్చాడు. మొక్కల పలకల మీద పేర్లు రాయడానికని దివాణంలో పంతులుగారు ఒకప్పుడు తవిటయ్యకు అక్షరాలు నేర్పారు. అతను ఒంగి, ఒక కంటితో గీత చూసుకుంటూ, పలక మీద రాసినంత పెద్ద పెద్ద అక్షరాలతో 'పైల తవిటయ్య' అని రాశాడు. గడి చాలక పేరు పక్క గడిలోకి కూడా వెళ్లింది. ఆ మహల్ పుస్తకాల్లో అతని పేరు పడటం యాభై ఏళ్లలో అదే మొదటిసారి. రాసింది ఒకసారి చదువుకుని, సరిగ్గానే ఉందని కలం తిరిగిచ్చి, పారమ్మను తీసుకుని బస్సుకు బయల్దేరాడు.